నా ముందున్న ఒక్క చింతగింజ

నేను చెబుతుంటే మా బిడ్డ రాస్తోంది. నాకు సంతకం వరకే వచ్చు. తన మాట వచ్చిన చోటల్లా పెన్ను ఆపుతోంది. ఆపొద్దు, ఉన్నది ఉన్నట్టు రాయమన్నాను.

జనగామలో మా ఇంటి ముందరి గదిలో ప్రతి ఆదివారం మధ్యాహ్నం నలుగురు చాప మీద కూర్చుంటారు. పాచికలు, కాగితాలు, మధ్యలో గళ్ళు గీసిన అట్ట. ఒక్కొక్కరిది ఒక్కో వేషం. మహబూబాబాద్ నుంచి రైల్లో వచ్చే అమ్మాయి కథ నడుపుతుంది. దొంగలూ తోడేళ్ళూ ఆమె చేతిలో ఉంటారు. భూపాలపల్లి బస్సు మీద పనిచేసే కండక్టర్ విలుకాడు. మా బిడ్డ వైద్యురాలు. నాలుగో అతను హైదరాబాద్‌లో పని దొరికి రావడం మానేస్తే, ఆట ఆగిపోతుందని నన్ను కూర్చోబెట్టారు. అంతవరకు నేను గడప దగ్గర కూర్చుని చాయ్ అందించేదాన్ని. నా చేతికి బల్లెం, డాలు ఇచ్చి వంతెన కావలిదాన్ని చేశారు. అన్నీ కాగితం మీదివే.

అందులో నన్ను పట్టుకున్నది ఒక్కటే. నా వంతు రాగానే ఆ అమ్మాయి నా వైపు తిరిగి, "పెద్దమ్మా, ఏం చేస్తవ్?" అంటుంది. అందరూ నోరు మూసుకుని నా మాట కోసం చూస్తారు. మా ఆయనను ఏ దవాఖానకు తీసుకుపోవాలో మా మరిది చెప్పాడు. ఎప్పుడు ఇంటికి తేవాలో మా బావ చెప్పాడు. ఆయన పోయాక పెళ్ళిళ్ళలో నన్ను వెనక వరుసకు జరిపారు. ఏం చేస్తావని నన్ను అడిగినవాళ్ళు లేరు. అందుకే నా కావలిది చచ్చిపోతుందేమోనని ప్రతి ఆదివారం నాకు గుండె దడ. వేషం చస్తే కథ ముగిసేదాకా ఆ మనిషి చాప దిగాలి. కండక్టర్ పెట్టిన షరతు అది.

మన వంతు కాకున్నా చేయగలిగే పని ఒకటుంది. రియాక్షన్ అంటారు. శత్రువు నా పక్క నుంచి ఉరికిపోతే బల్లెంతో ఒక పోటు పొడవచ్చు. లేదంటే నా మీదికి వచ్చే దెబ్బకు డాలు అడ్డం పెట్టవచ్చు. నాకు గుర్తుండదని మా బిడ్డ నా ముందు ఒక చింతగింజ పెట్టింది. వాడితే గింజ సాసర్‌లో వేయాలి. మళ్ళీ నా వంతు మొదలవగానే తీసుకోవాలి. అందరి వంతులూ అయితే ఒక చుట్టు, చుట్టు చుట్టుకూ వంతుల వరస పాచికతో మారుతుంది. ప్రాణానికేమో కందిగింజలు, దెబ్బ తగిలితే కొన్ని పోతాయి, అన్నీ పోతే వేషం చచ్చినట్టే.

ఆ ఆదివారం వంతెన మీద కొట్లాట. నాకు కందిగింజలు రెండే మిగిలాయి. మా బిడ్డకూ రెండే. ఆ అమ్మాయి తోడేలు బొమ్మను పట్టుకుని, "తోడేలు నీ కాడి నుంచి..." అన్నదో లేదో, నా చెయ్యి లేచింది. పత్తి మార్కెట్‌లో పనిచేసే చెయ్యి అది. బండి మీది బస్తా దిగేలోపే దాని మీద చెయ్యి వేసినవాళ్ళదే ఆ పని. ఎదుటివాళ్ళ మాట పూర్తయ్యేదాకా ఆగితే ఆ పూట ఉత్త చేతులే.

"పొడిచిన," అని గింజ సాసర్‌లో వేసి పాచిక విసిరాను. తోడేలు చచ్చింది. చప్పట్లు కొట్టారు.

ఆ వెంటనే దొంగల నాయకుడు నా మీదికి గొడ్డలెత్తాడు. పాచిక చూసి ఆ అమ్మాయి ముఖం మారింది. "తాకుతది పెద్దమ్మా. మూడు గింజలు పోతయ్."

"డాలు పెడుత," అన్నాను.

"గింజేది? సాసర్ల పడ్డది సూడు," అన్నాడు కండక్టర్.

"గది పొడుచుడుకు ఇచ్చింది అన్నా," అన్నది మా బిడ్డ. "గిది కాపాడుకునుడు. రెండు ఒకటెట్లయితయ్?"

"రెండు రియాక్షన్లే. ఒక్క టికెట్ మీద రెండుసార్లు ఎక్కనియ్య నేను."

"నువ్వు జర బస్సు దిగి మాట్లాడు."

ఆ అమ్మాయి ఫోన్‌లో రూల్స్ పుస్తకం తీసి చదువుతోంది. ఆటేగా అని ఎన్నిసార్లు అనుకున్నా దడ తగ్గలేదు.

"అన్న చెప్పిందే రైటు. రెంటికీ ఒక్కటే," అని, మళ్ళీ ఆగింది. "కానీ తోడేలు ఉరకలే. తన దెబ్బ ఒదులుకొని మెల్లగ తప్పుకుంటదని చెప్పబోయిన. అట్ల తప్పుకునేదాన్ని ఎవ్వరు పొడువరాదు. పెద్దమ్మ నా మాట పూర్తిగానియ్యలే."

"అంటే ఏంది?" అన్నాను.

"పోటు వాపస్ తీసుకుంటే నీ గింజ నీకొస్తది, డాలు పెట్టొచ్చు. కానీ తోడేలు బతికి నీ బిడ్డ పక్కకు చేరుతది. ఈ సుట్టుల ఆఖరు వంతు దొంగది. కొత్త సుట్టుకు వంతుల పాచిక ముందుగాలే ఏసిన, మొదటి వంతు తోడేలుదే, నీ బిడ్డకు తప్పుకునే సందుండదు. పోటు ఉంచుకుంటే తోడేలు సచ్చినట్టే, నువ్వు గూడ పోయినట్టే. నేను ఆపకపోతిని, తప్పు నాది గూడ. నువ్వే చెప్పు పెద్దమ్మా, ఏం చేస్తవ్?"

మా బిడ్డ వైపు చూశాను. తను నా వైపు చూడలేదు, తన రెండు గింజల వైపు చూస్తోంది. నాకు గడప కనిపించింది, చాయ్ గ్లాసులు కనిపించాయి.

"వాపస్ తీసుకుంట," అన్నాను. ఎవరికీ వినపడలేదు. మళ్ళీ అనాల్సి వచ్చింది.

గొడ్డలి డాలు మీద ఆగింది. కొత్త చుట్టులో తోడేలు కరిచింది. మా బిడ్డ తన రెండు కందిగింజలూ తనే తీసి సాసర్‌లో వేసింది.

"కన్నతల్లే తోడేలుకు ఏసింది," అన్నాడు కండక్టర్. అందరూ నవ్వారు. మా బిడ్డ కూడా నవ్వింది, కానీ ఆలస్యంగా.

ఆ వారమంతా నాకు అన్నం సహించలేదు. మా బిడ్డ ముందు పళ్ళెం పెడితే, "తోడేలు తినంగ మిగిలిందా?" అనేది. పరాచికమో ఎత్తిపొడుపో తేలక, శుక్రవారం నాడు అనేశాను. "నా జాగల నువ్వు కూసో బిడ్డా. నేను దిగుత."

"రూల్ రూలే అమ్మా. కోపమొచ్చిందా అంటే వచ్చింది. పోతది." ఆ కోపం పోయిందని మాత్రం చెప్పలేదు.

ఆదివారం తను గడప దగ్గర కూర్చుంది, చాయ్ కెటిల్ పక్కన పెట్టుకుని. నేను తల ఎత్తలేకపోయాను. మొదటి చుట్టులోనే నా మీదికి బాణం వస్తే డాలు పెట్టి గింజ సాసర్‌లో వేశాను. ఈసారి మాట పూర్తిగా విన్నాకే.

నా వంతు వచ్చింది. "పెద్దమ్మా, ఏం చేస్తవ్?"

అందరూ ఆగారు. నేను పాచిక అందుకున్నాను.

"ముందుగాల గింజ తీసుకోవే అమ్మా," అన్నది గడప దగ్గర నుంచి మా బిడ్డ. "మర్సిపోతున్నవ్."

సాసర్‌లోంచి గింజ తీసి నా ముందు పెట్టుకున్నాను.