తప్పు పక్కకు దూకిన పీరయ్య

నిన్న సాయంత్రం నాలుగూ ఇరవైకి మా కోడలు తన మోకాలి నొప్పికని వంటింట్లో ఆముదం వెచ్చబెట్టింది. ఆ వాసన ముందుగదిలోకి వచ్చేసరికి చదువుతున్న పుస్తకం బోర్లించి లేచాను. వరండాలోకి వెళ్లాను, అక్కడినుంచి వీధి వాకిలి దాకా వెళ్లాను, తిరిగి వచ్చాను. ఏం కావాలి మామయ్యా అని అడిగింది. ఏమీ వద్దన్నాను. మళ్ళీ కూర్చోలేకపోయాను. పోయిన నెల జమ్మలమడుగులో పీరయ్య చనిపోయాడు. కబురు నాకు ఆలస్యంగా అందింది. ఆయన వేళ్ళకు ఎప్పుడూ ఆముదం వాసన ఉండేది. ఆటకు ముందు పాత గుడ్డపేలికలను వెచ్చటి ఆముదంలో ముంచి వేళ్ళ కణుపులకు చుట్టుకునేవాడు.

ఆయన్ను చూడనివాళ్ళకు ఇంకొంచెం చెప్పాలి. పీరయ్య దూదేకేవాడు, ఫుట్‌బాల్ గోల్‌కీపర్. ఈ రెండింటిలో ఏది అసలు పని, ఏది కొసరు అని అడిగితే ఆయన ఇంట్లోనే రెండు జవాబులు వచ్చేవి. దూది ఏకే విల్లు భుజాన వేసుకుని జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల మధ్య తిరిగేవాడు. ఎవరింటి పరుపులు విప్పి ఏకుతున్నాడో ఆ ఊళ్ళో ఆట ఉంటే ఆ ఊరి గోలు కాసేవాడు. కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. మా మూడు ఊళ్ళలో ముందుకు ఉరికి ఆడేవాళ్ళకు కొదవ లేదు. గులకరాళ్ళ నేల మీద ఒళ్ళు పారేసుకునే గోలీ మాత్రం దొరికేవాడు కాదు. అందుకే ఏ ఊరికి ఆట పడినా పీరయ్యకు కబురు వెళ్ళేది. కబురుతో పాటు ఆకువక్క వెళ్ళేది. ఆకువక్క పుచ్చుకున్నాడంటే ఆ ఆటకు ఆయన ఆ ఊరివాడు. పుచ్చుకున్నాక సొంత ఊరు పిలిచినా పోడు. ఎవరూ రాసిపెట్టిన నియమం కాదది. దూదేకే పనికి కూడా అదే పద్ధతి.

నేను అప్పుడు ప్రొద్దుటూరులో కొత్తగా చేరిన బడిపంతులును. మా జట్టులో బ్యాక్ ఆడేవాణ్ణి, అంటే గోలుకు ముందు నిలబడేవాణ్ణి. అందువల్ల ఆటలో పీరయ్యను చూసింది తక్కువ, విన్నది ఎక్కువ. ఆయన నోరు మూసుకుని గోలు కాసేవాడు కాదు. మొదటి ఆటలోనే, బంతి నా కాళ్ళ దగ్గర ఉండగా ఎవరికి అందించాలా అని నేను చూస్తుంటే వెనకనుంచి వినపడింది.

“ఏంది సారూ, హాజరు పిలుస్తాండావా? కొట్టి పారెయ్ ఆడికి.”

కొట్టాను. అది నేరుగా బయటికి పోయింది.

“శానా బాగుంది. ఇంగ పోయి తెచ్చుకో.”

రెండు జట్లూ నవ్వాయి. ఆ తరువాత ఆయన వెనక ఉంటే నాకు ధైర్యంగా ఉండేది. ధైర్యం అన్నది సరైన మాట కాదేమో. తిట్టేవాడు ఒకడు వెనక మేలుకుని ఉన్నాడన్న నమ్మకం. నాకంటే పన్నెండేళ్ళు పెద్ద. నేను అన్నా అనేవాణ్ణి, ఆయన సారూ అనేవాడు. చొక్కా మోచేతుల దగ్గర, తుంటి దగ్గర తనే దూది పెట్టి కుట్టుకునేవాడు. అయినా మోచేతుల మీద చర్మం ఎప్పుడూ లేచే ఉండేది. ఆటలో బంతి అవతలి కొసన ఉన్నప్పుడు కూడా నిలబడేవాడు కాదు. ఒక గుంజ దగ్గరినుంచి ఇంకో గుంజ దాకా నడుస్తూనే ఉండేవాడు. ఇంట్లో కూడా అంతే. అన్నం కంచం పట్టుకుని గడప దాకా వచ్చి, వీధి చూసి, మళ్ళీ లోపలికి పోయేవాడు.

ఆయన భార్య మాబమ్మకు ఆ తిరుగుడు సరిపోయేది కాదు. మిల్లు దూదితో కుట్టిన పరుపులు అంగళ్ళలోకి వస్తున్నాయి. పాత పరుపులు విప్పించుకునేవాళ్ళు తగ్గుతున్నారు. ముగ్గురు పిల్లలు. ఒకసారి వాళ్ళింటికి వెళితే ఆయన ముందే నాతో అంది.

“నువ్వన్నా చెప్పు సారూ. ఈయప్ప యాడ నిద్రపోతాడో నాకు తెల్దు, యాడ తింటాడో తెల్దు. ఒక్క చోట పని చూసుకోమను. గేటు కాడ నిలబడేదైనా సరే.”

“నిలబడేదేనా? ఆ పని చేస్తానే ఉండా కదా,” అన్నాడు పీరయ్య.

“ఆ గుంజల మధ్య నిలబడితే నీకు కూడెవరు పెడతారు?”

ఆయన నవ్వాడు కానీ ఆ మాట తగిలింది. ఎందుకంటే కొన్నాళ్ళకు ఆయనే నా దగ్గరికి వచ్చి, ప్రొద్దుటూరులో పత్తి గింజలు తీసే జిన్నింగు ఫ్యాక్టరీలో పని అడుగుదామా అన్నాడు. మా జట్టును పోషించేది ఆ ఫ్యాక్టరీ సాహుకారే. ఇద్దరం వెళ్ళాం. సాహుకారు మమ్మల్ని ఎక్కువసేపు నిలబెట్టలేదు. వచ్చే ఆదివారం పులివెందులతో కప్పు ఆట ఉంది, అందులో మన గోలు కాయి, సోమవారంనుంచి పనిలో చేరు, పర్మనెంటు అన్నాడు. పీరయ్య సరేనన్నాడు. సాహుకారు పెద్దమనిషి కాబట్టి ఆకువక్క ఇవ్వలేదు, తల ఊపాడు. మేము అదే గట్టి మాట అనుకున్నాం.

అదే సమయంలో పులివెందులనుంచి ఓబులయ్య జమ్మలమడుగులో పీరయ్య ఇంటి ముందు బస్సు దిగాడు. ఆయనకు పులివెందులలో చిల్లర అంగడి. ఆ ఊరి జట్టుకు పెద్ద దిక్కు. ఇంట్లో కూతురి పెళ్లి ఉందని అందరికీ తెలుసు. ఆకువక్క మాబమ్మ చేతికిచ్చి, ఆదివారం పొద్దున పీరయ్యను ప్రొద్దుటూరికి రమ్మను, మేము ఆడికే వస్తాం అన్నాడు. పెళ్లి పరుపులకు దూది కొనడానికి ప్రొద్దుటూరు వస్తున్నారనుకుంది మాబమ్మ. రెండు చేతులతో తీసుకుని కళ్ళకద్దుకుంది. ఇంటి ఇల్లాలు తీసుకుంటే ఇంటాయన తీసుకున్నట్టే.

శుక్రవారం పీరయ్య బడికి వచ్చాడు. లోపలికి రాకుండా కిటికీ అవతల అటూ ఇటూ తిరుగుతుంటే నేనే బయటికి వెళ్ళాను. ఓబులయ్య ఆకువక్క ఇచ్చింది పెళ్లి పరుపులకు కాదు, ఆదివారం ఆటకని చెప్పాడు.

“తెలీక తీసుకుంది కదా. పోయి తిరిగి ఇచ్చేద్దాం. ఓబులయ్య అర్థం చేసుకుంటాడు,” అన్నాను.

“చేసుకుంటాడు. అందుకే ఇయ్యలేను. ఆయప్ప సరేలేప్పా అని తీసుకుంటాడు. తరవాత ఇంగ ఏ ఊరోడైనా నాకిచ్చేటప్పుడు, ఈయప్పకు మంచి బేరమొస్తే తిరిగిస్తాడులే అనుకుంటాడు.”

“మరి పని?”

పీరయ్య చెప్పుల్లోకి రాయి దూరితే విదిలించుకున్నాడు, ఇంకోసారి విదిలించుకున్నాడు.

ఆదివారం ప్రొద్దుటూరు మైదానంలో ఆయన అవతలి వెదురు గుంజల మధ్య నిలబడ్డాడు. ఆటకు ముందు వేళ్ళకు పేలికలు చుట్టుకుంటుండగా పలకరిద్దామని వెళ్ళాను. అప్పుడే ఫ్యాక్టరీ గుమాస్తా వచ్చాడు.

“ఏమప్పా పీరయ్యా. సాహుకారుకు నీమీద కోపం లేదు. నువ్వు యాడ నిలబడినా సరే, మన జట్టు గెలిస్తే చాలన్న్యాడు. పని పనే. అర్థమైంది కదా?”

“అర్థమైంది. గెలవమను. నేనేమన్నా గోడనా.”

గుమాస్తా ఆ మాటను ఒప్పుకోలుగా తీసుకుపోయాడు. ఆ సంగతి నాకు అప్పుడే తట్టింది. పీరయ్యకు తట్టలేదు, లేదా పట్టించుకోలేదు.

ఆ రోజు ఆయన ఆడిన ఆట గురించి ఎక్కువ రాయను. మావాళ్ళు కొట్టినవన్నీ ఆపాడు. ఆఖరులో పులివెందుల బ్యాక్ చేతికి బంతి తగిలింది. రెఫరీ మాకు పెనాల్టీ ఇచ్చాడు. మా జట్టులో పెనాల్టీలు కొట్టేది నేనే. ఎన్నో ఆటల్లో ఆయన నా వెనక ఉన్నాడు కానీ, ఆటలో ఆయన ముఖాన్ని ఎదురుగా చూడడం అదే మొదటిసారి. ఏదో ఒకటి అంటాడని చూశాను. అనలేదు. నన్ను కాదు, బంతిని చూస్తున్నాడు. నా ఎడమకు కొట్టాను. ఆయన అవతలి పక్కకు దూకాడు. మాకు వలలుండేవి కావు. బంతి గుంజల మధ్యనుంచి పోయి, వెనక నిలిపిన బండ్ల చక్రాలకు తగిలి ఆగింది. మేము గెలిచాం.

పీరయ్య లేచి దుమ్ము దులుపుకున్నాడు. “బాగా కొట్టినావు సారూ,” అన్నాడు. పులివెందులవాళ్ళు ఏమీ అనలేదు. మామూలుగా ఆట అయ్యాక పిలిచిన జట్టు గోలీని భోజనానికి తీసుకుపోతుంది. ఓబులయ్య లారీ ఎక్కుతూ “వస్తామప్పా” అన్నాడు. అంతే.

సోమవారం గుమాస్తా కబురు పంపాడు, వచ్చి చేరమని. ప్రొద్దుటూరులో అందరూ ఒకటే మాట, పీరయ్య తెలివైనవాడు, ఆకువక్కా నిలబెట్టుకున్నాడు, పనీ సంపాదించుకున్నాడు అని. మెచ్చుకోలుగానే అన్నారు. నాకు మాత్రం ఆయన నిజంగానే తప్పు పక్క ఎంచుకున్నాడని తెలుసు. తెలుసు అంటున్నాను కానీ, ఏం చూపించి చెప్పగలను? తప్పు పక్కకు దూకిన గోలీ కావాలని దూకాడో లేదో ఎవరూ రుజువు చెయ్యలేరు. రెండు రకాలుగానూ ఒళ్ళు ఒకేలా నేలను తాకుతుంది. కొన్ని రాత్రులు నేనే మంచం మీద లేచి కూర్చుని, ఆ భుజం ముందు ఎటు కదిలిందో గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాను.

ఆయన పనిలో చేరలేదు. మరుసటి రోజు నన్ను వెంటబెట్టుకుని ముద్దనూరు మీదుగా పులివెందుల బస్సెక్కాడు. దారంతా సీట్లో కూర్చోలేదు, తలుపు కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. సాయంత్రం మైదానానికి వెళ్ళేసరికి వాళ్ళ జట్టు అక్కడే ఉంది. ఓబులయ్య అంగడి వదిలి వచ్చాడు.

“ఏమప్పా, చెప్పకుండా వచ్చినావు? ఈడ ఎవరన్నా నిన్ను ఏమన్నా అన్న్యారా?”

“అన్లేదు మామా. అందుకే వచ్చినా.”

పేలికలు చుట్టుకుని గుంజల మధ్య నిలబడ్డాడు. “కొట్టండి,” అన్నాడు. “మనసులో ఏముంటే అది పెట్టి కొట్టండి.”

మొదట ఎవరూ కదల్లేదు. తరువాత వాళ్ళ బ్యాక్ వచ్చి, చేతికి బంతి తగిలిన అతనే, గట్టిగా కొట్టాడు. పీరయ్య ఆపాడు. ఇంకొకడు కొట్టాడు, అది లోపలికి పోయింది. ఆపాడు, వదిలాడు, ఆపాడు. కోపంగా కొట్టినవాళ్ళూ ఉన్నారు. మోచేతుల దగ్గర చొక్కా చిరిగి దూది బయటికి వచ్చింది. నేను చాలన్నా, ఆయన వినలేదు. ఎంతసేపటికీ అక్కడ ఏదీ తేలడం లేదని నాకు అర్థమవుతూనే ఉంది. ఎన్ని ఆపితే మంచివాడు? ఎన్ని వదిలితే అమ్ముడుపోయినవాడు?

చివరికి ఓబులయ్య చెప్పులు విడిచాడు. పంచె ఎగ్గట్టాడు. ఆయనకు అరవై దాటాయి, జన్మలో బంతి తన్ని ఉండడు. బొటనవేలితో తన్నాడు. బంతి దొర్లుకుంటూ, మధ్యలో ఒక రాయికి తగిలి ఆగబోయి, మళ్ళీ కదిలింది. కానీ పీరయ్య అప్పటికే అలవాటుగా ఒక పక్కకు దూకేశాడు. పడుకున్నచోటనుంచి చెయ్యి చాపాడు, అందలేదు. బంతి రెండో పక్కనుంచి నింపాదిగా గోలు దాటింది.

 తరువాత ఓబులయ్య జట్టువైపు తిరిగాడు.

“చూడండ్రా. ఈయప్పకు నేను గూడా దుడ్లిచ్చినానా?”

ముందు ఆ బ్యాక్ నవ్వాడు. తరువాత అందరూ. పీరయ్య నేలమీదే కూర్చుని నవ్వాడు, కళ్ళు తుడుచుకున్నాడు. ఓబులయ్య ఆయన్ను రెక్కపట్టి లేపాడు. “రాప్పా. సంగటి తిందువు. సారూ, నువ్వు గూడా రా.”

ఆ కబురు మాకంటే ముందే ప్రొద్దుటూరు చేరింది. గుమాస్తా బడి దగ్గర నన్ను ఆపి, సాహుకారు అన్న మాట అన్నట్టే చెప్పాడు. “నా మాట విని వదిలినాడనుకుంటి. ఊరికే ఓడిపోయినోనికి పని ఎందుకు?” పని ఇంకొకరికి ఇచ్చేశారు.

మాబమ్మకు ఆ మాట నేనే చెప్పాల్సి వచ్చింది. ఆమె పీరయ్యవైపు తిరిగి అంది. “నీ పేరు కడుక్కునేదానికి మా కూడు నీళ్ళపాలు చేసినావు.” ఆయన ముసలివాడయ్యాక కూడా ఆమె ఆ మాట వెనక్కి తీసుకోలేదు. పెద్దకొడుకు చదువు మాని విల్లు పట్టాడు. ఆమెది తప్పని నేను ఎప్పుడూ అనుకోలేకపోయాను. పీరయ్యది తప్పని కూడా అనుకోలేకపోయాను. ఈ రెండింటి మధ్య నాకు ఈనాటికీ స్థిమితం లేదు. పీరయ్య చాలా ఏళ్ళు ఆ మూడు ఊళ్ళకూ గోలు కాశాడు. వేళ్ళు వంగడం మానేశాక విల్లు కూడా దించేశాడు. చివరిసారి చూసినప్పుడు మంచంలో ఉన్నాడు. అక్కడా కాళ్ళు కదుపుతూనే ఉన్నాడు.

ఆయన నాకు నేర్పింది ఆట కాదు. నేను హెడ్‌మాస్టరుగా ఉన్న ఊళ్ళో ఒకసారి, మా బంధువుల పిల్లవాణ్ణి పరీక్షలో నేనే గట్టెక్కించానని లోపల్లోపల అనుకున్నారు. ఎవరూ ముఖాన అనలేదు. అనని మాటకు జవాబేమిటి, ఇంట్లో కూర్చోండి అంది నా భార్య. కూర్చోలేకపోయాను. అనుకుంటున్నారని తెలిసిన ప్రతి ఇంటికీ వెళ్ళి, అరుగుమీద కూర్చుని, ఏం అడుగుతారో అడగండి అన్నాను. కొందరు అడిగారు. కొందరు మజ్జిగ ఇచ్చి పంపారు. అందరూ నమ్మారని చెప్పలేను. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టింది. ఇప్పటికీ, ఈ వయసులోనూ, ఎవరైనా నా గురించి ఏదో అనుకుని ఊరుకున్నారని తెలిస్తే చెప్పులు వేసుకుంటాను.

జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల జట్లు ఇప్పుడు ఒకదానితో ఒకటి ఆడడం లేదు. గోలు కాయడానికి పక్క ఊరి మనిషిని ఎవరూ పిలవడం లేదు.