మంచం కింది బ్యాటరీలు

మా బావ ఎలీయాజరు ముక్కుని మెచ్చుకోని చేపల రైతు కొల్లేటి చుట్టుపక్కల లేడు. నాకు మాత్రం ఆ ముక్కంటే ఒళ్లుమంట. అయినా ఆయన్ని గురించి రాయాలంటే ముందు ఆ ముక్కు గురించే రాయాలి, వేరే దారి లేదు.

వాళ్లది కామవరపుకోట దగ్గర పల్లెటూరు. నిక్కర్లేసుకునే వయసులోనే పొగాకు ఆరబెట్టే బ్యారన్ తలుపు సందులోంచి వాసన చూసి, లోపల ఆకు పండిందో మాడిందో చెప్పేవాడట. తర్వాత జువాలజీ చదివాడు, ఒక మేత కంపెనీలో కొన్నేళ్లు తిరిగాడు, చివరికి సొంతంగా చెరువుల డాక్టరయ్యాడు. అంటే చెరువు నీళ్లు పరీక్ష చేసి, చేపలకీ రొయ్యలకీ రాబోయే రోగం ముందే చెప్పే మనిషన్నమాట. ఆయన దగ్గర మైక్రోస్కోపూ, పరీక్షల సీసాలూ అన్నీ ఉండేవి. రైతులు పిలిచేది మాత్రం వాటి కోసం కాదు. ఆయన గట్టు దిగి, అడుగు బురద పిడికెడు తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు. "అడుగు కుళ్లిందండీ. మేత ఆపేసి, నీళ్లకి గాలాడేలా ఏరేటర్లు వేసెయ్యండి" అనేవాడు. ఆ మాట తప్పేది కాదు. చెరువు అడుగున మేత మురిగితే కుళ్లిన కోడిగుడ్డు కంపు పుడుతుంది. అది నీళ్లలోకి ఎక్కిందంటే తెల్లారేసరికి చేపలన్నీ తేలిపోతాయి. రైతుకి ఆ కంపు తెలిసేలోపే మా బావకి తెలిసేది.

"మా అక్క కూర మాడితే మాత్రం తెలీదేం బావా మీ ముక్కుకి?" అని నేను ఎకసెక్కాలాడేవాణ్ణి.

"తెలుస్తుందయ్యా సుకుమార్. ఆ వాసనకి నోరు మూసుకోవాలని కూడా తెలుసు" అనేవాడు. మా అక్క హెప్సిబా గరిటె పట్టుకుని ఇద్దరి మీదికీ వచ్చేది.

వాళ్లకి పిల్లల్లేరు. సీజనంతా బావ గట్ల మీదే పడుండేవాడు, అక్క ఏలూరులో కుట్టుమిషను ముందు ఒక్కర్తే కూర్చుని బట్టలు కుట్టేది. ఒక ఏడు బావ ఏదో బడి అమ్మేసిన పాత మినీబస్సు కొన్నాడు. సీట్లు పీకించి, వెనక మంచం, మధ్యలో పరీక్షల బల్ల, ముందు గ్యాస్ పొయ్యికి చిన్న గట్టు కట్టించాడు. పైన సోలార్ ప్లేట్లు వేయించాడు. ఆ కరెంటు దాచుకోడానికి ఒక బ్యాటరీ, బండి అడుగున బయటివైపు ఇనప పెట్టెలో ఉండేది. ఎంత తెల్లరంగు కొట్టించినా కింద పసుపు కనిపిస్తూనే ఉండేది. లంకల్లో పిల్లలు దాన్ని ఇల్లుబండి అనేవాళ్లు.

అక్క మిషనుతో సహా అందులోకి ఎక్కేసింది. "ఒరేయ్ తమ్ముడూ, నాకు ఇప్పుడే పెళ్లయినట్టుందిరా" అంది నాతో. గట్టు మీద బండి ఆపి, తలుపు తీసి, మిషను తొక్కుకుంటూ కొంగల్ని చూస్తుండేది. ఆమెను అంత సంతోషంగా నేను ముందెప్పుడూ చూడలేదు. అందుకే ఆ బండిని ఇప్పటికీ పూర్తిగా తిట్టలేను.

ఒక వానాకాలం రోడ్డు మీదికి కొల్లేరు పొంగి బండి చక్రాలు మునిగాయి. అడుగున ఉన్న బ్యాటరీ పెట్టెలోకి నీళ్లెక్కాయి. వరద తీశాక కొన్నాళ్లకే పక్క చెరువు షెడ్డులో ఎవరో దొంగలు బ్యాటరీలు ఎత్తుకుపోయారు. ఇక బావకి నిద్ర పట్టలేదు. బ్యాటరీని బండి లోపలికి మార్చాలన్నాడు. అక్కకేమో ఫ్రిజ్జు కావాలి, ఫ్యాను ఆగకుండా తిరగాలి. దానికి ఉన్న బ్యాటరీ చాలదు. రెండు పనులూ ఒకేసారి చేయించేద్దామని తాడేపల్లిగూడెం వెళ్లాం. నేనూ వెళ్లాను, టీ తాగి కబుర్లు చెప్పడానికి.

అక్కడ బ్యాటరీల పని చేసే నిరంజన్ నోరు ఆగని మనిషి. బండంతా తిరిగి చూసి, "లిథియం బ్యాటరీ వేసేస్తానండి. తేలిక. మంచం కింద పెట్టుకున్నా మామూలుగా గ్యాసు రాదు. యాసిడ్ బ్యాటరీలే కావాలంటే మాత్రం బయటే ఉంచుదామండి, పెట్టె ఎత్తు పెంచి తాళం వేస్తాను" అన్నాడు.

"లిథియం వద్దండీ. స్కూటర్లు తగలబడిపోవడం ఫోన్లో రోజూ చూస్తున్నాం. దాని మీద మా ఆవిణ్ణి పడుకోబెట్టనా?" అన్నాడు బావ. "అందరిళ్లల్లో ఉన్నదే వెయ్యండి. పెద్దది ఒకటి కొత్తది తీసుకుంటాను. పాతది కూడా బాగానే ఉంది, రెండూ కలిపి కట్టెయ్యండి."

నిరంజన్ తల అడ్డంగా ఊపాడు. "పాతదాన్నీ కొత్తదాన్నీ కలపకూడదండీ. పైగా దాంట్లోకి వాననీళ్లు దిగాయేమో కూడా తెలీదు. పాతది ఎంత చార్జింగ్ ఎక్కినా నిండదు, తాగుతూనే ఉంటుంది. వేడెక్కిపోతుంది."

"ముసలి ఎద్దు పక్కన కోడెని కడితే ముసలిదీ నడుస్తుందయ్యా" అని బావ నవ్వేశాడు. ఆయన నవ్వితే ఎదుటివాడు వాదన మానేస్తాడు. నిరంజన్ కూడా మానేశాడు. రెండిట్నీ మంచం కింద చెక్కపెట్టెలో పెట్టి, మూత బిగించి, పెట్టెలోంచి నేలకి కన్నం చేసి బయటికి ఒక గొట్టం దించాడు. "గ్యాసు పోవాల్సింది ఇందులోంచేనండి. ఈ గొట్టం మాత్రం ఎప్పుడూ మూయొద్దు" అని బావకి చెప్పి, మళ్లీ అక్కకీ చెప్పాడు. అక్క అప్పటికే ఫ్రిజ్జు ఎక్కడ పెట్టాలో చేత్తో కొలుస్తోంది.

అక్కడినుంచి నెలలు గడిచాయి. అక్క ఏలూరు వచ్చినప్పుడల్లా తలనొప్పి అనేది. కళ్లు ఎర్రగా ఉండేవి. ఒకసారి మా అమ్మ విక్టోరియా ఆమె కాళ్లు చూసి, "ఏంటే, పట్టీలు ఇలా నల్లబడిపోయాయి?" అంది. చింతపండు పెట్టి తోమిచ్చినా, మళ్లీ వచ్చేసరికి నల్లగానే ఉన్నాయి. ఒంట్లో వేడి చేస్తే వెండి నల్లబడుతుందని మా ఇళ్లల్లో అందరూ అనేదే. అమ్మ సబ్జా గింజలు నానబెట్టి ఇచ్చింది, కొబ్బరినీళ్లు తాగించింది, తలకి ఆముదం రాసింది. అక్క అవన్నీ చేయించుకుని మళ్లీ బండెక్కేసింది. ఒంట్లో వేడి తగ్గాలని అమ్మ ఆదివారం ప్రార్థనలో కూడా చెప్పించింది.

వెండిని నల్లబరిచేది ఆ కుళ్లిన గుడ్డు కంపేనని ఇప్పుడు నాకు తెలుసు. కానీ చెరువుల మధ్య బతికేవాళ్లకి ఆ కంపు కొత్తేమిటి? బండిలో వాసనొస్తోందని అక్క ఎప్పుడన్నా, బావ ముక్కెగరేసి గాలి పీల్చి, ఏ చెరువుదో ఇట్టే చెప్పేసేవాడు. "రాజుగారి చెరువు అడుగు పోయిందే" అనేవాడు. వెళ్లి చూస్తే నిజంగానే రాజుగారి చెరువు అడుగు పోయి ఉండేది కూడా. కొల్లేట్లో ఎప్పుడూ ఏదో ఒక చెరువు కుళ్లుతూనే ఉంటుంది. అందువల్ల ఆయన ముక్కు తప్పిందని ఎవరికీ తెలిసే దారి లేకపోయింది.

ఆ వారం గుడివాకలంక దాటాక ఒక గట్టు మీద బండి పెట్టారు. ముసురు పట్టి ఎండ మొహం లేదు. సోలార్ పని చెయ్యక, ఏరేటర్ల షెడ్డు నుంచి వైరు లాగి బ్యాటరీలకి చార్జింగ్ పెట్టాడు బావ. అది అలా ఎక్కుతూనే ఉంది. పక్కనే ఒక చెరువు ఎండగట్టి అడుగు బురద తిరగేస్తున్నారు. ఆ కంపు అందరికీ తెలుస్తోంది.

శనివారం అక్క, "ఏవండీ, ఈ కంపు మంచం దగ్గరే ఎక్కువగా ఉందండీ" అంది. బావ మంచం దగ్గర వంగి వాసన చూశాడు. బురద కంపు బరువు, నేలబారుగా పాకుతుంది కాబట్టి కింద ఉన్న గొట్టంలోంచి పైకి ఎక్కుతోందని తేల్చాడు. ఆ తేల్చిన తీరులో తప్పేమీ లేదు, చెరువు గురించి అయితే. బండి కిందికి దూరి, పాత తువ్వాలు ముక్క ఆ గొట్టంలో కుక్కేశాడు. వాన జల్లు కొడుతోందని కిటికీలు కూడా వేసేశాడు.

ఆదివారం పొద్దున్న అక్క తల తిరుగుతోందని పడుకుంది. బావ వేరే చెరువుకి వెళ్లి, మధ్యలో ఒకసారి వచ్చి తలుపు తీశాడు. పొద్దుటినుంచీ మురుగు బురదలో ఉన్న చేతులు, చొక్కా నిండా అదే కంపు. ఆయనకి కొత్తగా ఏ తేడా తెలీలేదు.

"ఎలా ఉంది హెప్సిబా? వాసన ఇంకా వస్తోందా?" అని అడిగాడట.

"లేదండీ. అస్సలు రావట్లేదు. నిద్ర మాత్రం ముంచుకొస్తోందండీ" అందట అక్క.

"చెప్పానా, గొట్టంలోంచే వచ్చేది" అన్నాడట బావ. ఆమె నిద్ర చెడకూడదని తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి, మళ్లీ గట్టు మీదికి వెళ్లిపోయాడు.

నేను ఆరాధన అయ్యాక అమ్మ ఇచ్చిన క్యారేజీ పట్టుకుని బయల్దేరాను. కోడికూర, గారెలు. బండి దగ్గరికి వచ్చేసరికి వాన వెలిసింది. మోటారుసైకిల్ స్టాండు వేస్తుంటే ఏదో తేడాగా అనిపించింది. వాసన లేదు. ఎండగట్టిన చెరువులోకి ముందురోజు సాయంత్రమే నీళ్లు వదిలేశారట. గట్టు మీద తడిగడ్డి వాసన తప్ప ఇంకేమీ లేదు. గాలి చల్లగా, హాయిగా ఉంది.

"అక్కా" అని తలుపు లాగాను. ఆ కంపు మొహం మీద కొట్టినట్టు తగిలింది. కుళ్లిన గుడ్డు కంపు, దాంతోపాటు కళ్లలో మంట. బయట లేని చెరువు లోపల ఎక్కణ్ణుంచి వచ్చింది? "బావా" అని కేకేశాను. వెనక్కి తిరిగి గాలి పీల్చుకుని, ఊపిరి బిగబట్టి లోపలికి వెళ్లి అక్కని రెండు భుజాల కింద పట్టి లాగాను. మంచం కింది పెట్టె నా మోకాలికి తగిలింది. పొయ్యి మీది పెనంలా కాలింది.

గట్టు చివర్నుంచి బావ పరిగెత్తుకొచ్చాడు. ఇద్దరం ఆమెను గడ్డిలో పడుకోబెట్టాం. బావ ఆమె మొహం మీద నీళ్లు కొడుతూ, "లేదందయ్యా. వాసన రావట్లేదంది. నాతో అంది" అని అదే మాట చెబుతున్నాడు. 108 వచ్చేలోపే నాకు తెలిసిపోయింది. ఆయనకి ఏలూరు పెద్దాసుపత్రిలో చెబితే గాని తెలీలేదు.

అక్కడి డాక్టరు ఒక అమ్మాయి, మెల్లగా చెప్పింది. "ఆ గ్యాసు ఎక్కువైతే ముందు చచ్చేది ముక్కేనండీ. వాసన పోయిందంటే గ్యాసు పోయినట్టు కాదండీ." తర్వాత నిరంజన్ వచ్చి పెట్టె తెరిచి చూపించాడు. పాత బ్యాటరీ పొట్ట ఉబ్బిపోయి ఉంది, లోపల నీళ్లు ఆవిరైపోయాయి. చార్జింగ్ ఎక్కువై వేడెక్కితే యాసిడ్ బ్యాటరీ కూడా చెరువు అడుగులో పుట్టే గ్యాసే వదులుతుందని చెప్పాడు. ఆ తువ్వాలు ముక్క బయటికి లాగి, ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు.

బావ మీద కోపం నాకు చాలాకాలం పోలేదు. సమాధి దగ్గర కూడా మొహం చూడలేదు. మా అమ్మే చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చి, "నా కూతురు ఈ మనిషిని ఒక్కణ్ణి వదిలి ఉండలేకే బండెక్కిందిరా. మనం వదిలేస్తామా?" అంది. అలా ఆయన ఇప్పుడు ఏలూరులో మా ఇంట్లోనే ఉంటున్నాడు. రైతులు ఇప్పటికీ వస్తారు. ఎవరైనా కవర్లో బురద తెచ్చి చేతికిస్తే ముక్కు దగ్గరికి పోనివ్వడు. సీసాలు తీసి పరీక్ష చేస్తాడు.

సాయంత్రం దక్షిణపు గాలి తిరిగితే కొల్లేటి కంపు మా వీధిదాకా వస్తుంది. అప్పుడు బావ వీధి గదిలో కుర్చీలో కూర్చుని, "సుకుమార్, ఏదైనా వాసన వస్తోందా?" అంటాడు. మొదట్లో నేను ఉన్నదున్నట్టు చెప్పేవాణ్ణి. వస్తోందంటే నిమ్మళంగా ఉండేవాడు. రావట్లేదంటే మాత్రం మొహం పాలిపోయి, గబుక్కున లేచి, అమ్మ పడుకున్న గది తలుపులూ, వంటింటి కిటికీలూ ఒక్కటొక్కటే తెరుచుకుంటూ వెళ్లి, అమ్మ పక్కన కూర్చుని ఆమె ఊపిరి వింటాడు. గాలి ఎటు తిరిగినా, మా వీధిలో మల్లెపూల వాసన తప్ప ఇంకేమీ లేకపోయినా, ఇప్పుడు నేను ఒకటే చెబుతున్నాను.

"వస్తోంది బావా. బాగా వస్తోంది."