ఊరికే వచ్చిన గుమ్మడికాయ

జ్వరం తగ్గినా అమ్మకు నోరు బాగుపడలేదు. ఏం పెట్టినా పళ్ళెం పక్కకు నెట్టేది. చివరికి ఒకరోజు, "నాటు గుమ్మడికాయ పులుసైతే తింటా" అంది. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. అనంతపురం మార్కెట్టంతా తిరిగినా నాటుకాయ దొరకలేదు. మా అంగడికి వచ్చే ఆటో డ్రైవరు, "శింగనమల పక్కన మా ఊరికి రా అన్నా. ఆదివారం చర్చిలో కోతల పండగ. కానుకలన్నీ వేలమేస్తారు. గుమ్మడికాయ కూడా ఉండాది" అన్నాడు.

సరుకుకు ముందు వంక పెట్టాలి, తర్వాత కొనాలి. అంగళ్ళ మధ్య పెరిగినవాణ్ణి, ధీమాగా వెళ్ళాను.

పాస్టరుగారు ఆ రోజు కృప గురించి చెప్పారు. మనం సంపాదించుకోనిది, మన యోగ్యత చూడకుండా దేవుడు ఊరికే ఇచ్చేది, అన్నారు. ఊరికే ఇచ్చే సరుకులో ఎక్కడో పుచ్చు ఉంటుందని వెనక వరసలో నేను అనుకున్నాను.

గుమ్మడికాయ వేలంపాటకు వచ్చి, మొదటి ధర చెప్పగానే లేచాను. "ఒక పక్క సొట్ట, తొడిమ ఎండింది. దీనికి ఎవరిస్తారప్పా అంత?"

చర్చి అంతా నవ్వింది. ఆ కాయను పండించి తెచ్చిన అవ్వ నావైపు తిరిగింది. "దేవునికిచ్చిన కాయకు వంక పెడతాండావా? ఈడ పాట పైకే పోతాదప్పా."

నిజంగానే పైకి పోయింది. పాట గెలిచిన మేస్త్రి ఒకాయన డబ్బు కట్టేసి, కాయను మళ్ళీ బల్లమీదే పెట్టి, "ఇంకోసారి పాడండి" అన్నాడు. అక్కడ అదే ఆచారమట. రెండో పాట నా జేబు దాటిపోయింది. "అమ్మకు ఏం చెప్పేది?" అని డ్రైవరుతో గొణిగాను. అతను వెళ్ళి అవ్వ చెవిలో ఏదో చెప్పాడు. అవ్వ తను ఇచ్చిన కాయను తనే పాడుకుని, తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

"మీ అమ్మకు వండిపెట్టు, పో."

"ఊరికే వద్దవ్వా. నువ్వు పాడిన దుడ్లు నేనిస్తా."

"వద్దు."

"పోనీ, సగం?"

"వద్దంటాంటే."

"అందులో సగం?"

"ఏమప్పా, నీకు బేరం చేసేది రాదా? కాయ పట్టుకొని బస్సెక్కు."

ఆ మాట నన్ను అంతకుముందు ఎవరూ అనలేదు. బస్సులో పాస్టరుగారి మాటలు గుర్తొచ్చాయి. అయినా కాయను నాలుగు పక్కలా తిప్పి పుచ్చు వెతికాను. సొట్ట ఒక్కటే ఉంది.

రాత్రి అమ్మ పులుసు కలుపుకుని తింటూ, "ఎంతకిచ్చినారు?" అంది.

"ఊరికే."

అమ్మ కూడా అంగడివాడి పెళ్ళామే కదా, ముద్ద నోటిదాకా వెళ్ళి ఆగింది.

"ఊరికేనా? ఆళ్ళకు నువ్వేం అంటగట్టొచ్చినావురా?" అని, ముద్ద నోట్లో పెట్టుకుని, ఇంకాస్త వడ్డించమని పళ్ళెం జరిపింది.