దుప్పుల సోమవారం

ఆర్డిత్ కట్‌లిప్‌ను ఆల్డర్ ఫోర్క్ లోయలో అందరూ నోట్లో నాలుక లేని మనిషి అనేవారు. చర్చిలో వెనక బల్ల మీద కూర్చునేది. విందులకు చిక్కుడు గింజల కూర పట్టుకెళ్లి ఓ మూల పెట్టేది, బాగుందని ఎవరైనా అంటే తల వంచుకునేది. పదో తరగతి మధ్యలో చదువు మానేసి రాయ్స్‌ను పెళ్లి చేసుకుంది. రాయ్స్ దుంగల లారీ నడిపేవాడు. మొన్న మార్చిలో కొండ మలుపు దగ్గర లారీ బోల్తాపడి పోయాడు. అప్పటినుంచి ఆమెకున్న ఆ నాలుగు మాటలూ రెండయ్యాయి. ఆమెకు కోపం వస్తుందని లోయలో ఎవరికీ తెలియదు. ఆమెకే తెలియదు.

ఒక్కతే కూతురు, బ్రెన్నా. పదహారేళ్లు, పదకొండో తరగతి. ఆగస్టు నుంచి హైస్కూలు పిల్లలు ఎనిమిది మంది సోమ, బుధవారాలు మధ్యాహ్నం స్కూలు వ్యాన్ ఎక్కి, కొండకు అవతలి పక్కనున్న కాలేజీకి వెళ్లి, అక్కడి పెద్దపిల్లల మధ్య కూర్చుని జీవశాస్త్రం చదువుతున్నారు. ఒకే చదువు రెండు చోట్లా లెక్కకు వస్తుంది. స్కూలువాళ్లు ఈ ఎనిమిది మంది ఫొటోలూ గేటు దగ్గర బోర్డు కట్టి పెట్టారు. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం ఎవరికి చేతకాదు?

బ్రెన్నాకు ఆ బోర్డు అక్కర్లేదు. ఆసుపత్రిలో తండ్రి చివరి గంటల్లో ఆయన చెయ్యి వదలకుండా పట్టుకున్న నర్సును చూసినప్పటినుంచి ఆ పిల్లకు ఒకటే ధ్యాస. అదే కాలేజీలో నర్సు చదువు. సీట్లు తక్కువ. ఈ జీవశాస్త్రంలో మంచి మార్కు ఉంటేనే గడప తొక్కనిస్తారు. పైగా స్కూలు మార్కు తగ్గితే ఏడాది తిరిగేసరికి సరిచేసుకోవచ్చు, కాలేజీ మార్కు అలా కాదు. పచ్చబొట్టులాంటిది, చచ్చేదాకా ఉంటుంది.

నవంబరులో థాంక్స్‌గివింగ్ పండగ వారం వచ్చింది. వెస్ట్ వర్జీనియా కొండల్లో ఆ వారం సోమవారం నాడు దుప్పుల వేట మొదలవుతుంది. ఆ రోజు స్కూలుండదు, రంపపు మిల్లుండదు, చావు కూడా మంగళవారం దాకా ఆగాలంటారు. ఏటా రాయ్స్ తెల్లవారకముందే కొండ మీద తన మంచె ఎక్కేవాడు. ఈ ఏడు ఆ మంచె ఖాళీగా ఉండకూడదని అతని తమ్ముడు వెండెల్ పట్టుబట్టాడు. బ్రెన్నా తండ్రి నారింజ రంగు వేట కోటు వేసుకుని, దాని పొడుగు చేతులు పైకి మడుచుకుని, తండ్రి తుపాకీ భుజాన పెట్టుకుని ఎక్కింది. పది గంటలకల్లా కొమ్ముల దుప్పిని కొట్టింది. వెండెల్ కొండ దిగి వచ్చి చెప్తూ చెప్తూ ఏడ్చాడు. ఆర్డిత్ ఏడవలేదు. వంటింటి బల్ల మీద దుప్పటి పరిచి, మాంసం కొయ్యడానికి కత్తులు నూరింది.

మర్నాడు సాయంత్రం ముగ్గురూ ఆ బల్ల చుట్టూ నిలబడి మాంసం ముక్కలు కోసి, కాగితంలో చుడుతుండగా బ్రెన్నా ఫోన్ మోగింది. పిల్ల చెయ్యి తుడుచుకుని చూసింది. చూసి, ఫోన్ బోర్లా పెట్టింది. కాలేజీ మార్కులు. సోమవారం అక్కడ పెద్ద పరీక్ష జరిగింది. బ్రెన్నాకు సున్నా. వ్యాన్‌లో వెళ్లే ఎనిమిది మందికీ సున్నా. కాలేజీకి సెలవు బుధవారం నుంచి.

పరీక్ష తేదీ పిల్లలకు తెలియక కాదు. అంతకుముందు శుక్రవారమే బ్రెన్నా, స్కూల్లో ఈ పిల్లల వ్యవహారం చూసే కౌన్సెలర్ ప్రూయిట్ మేడమ్‌ను అడిగింది, స్కూలు లేదు కదా, వ్యాన్ ఎలా అని. ఆవిడ నవ్వింది. దుప్పుల సోమవారం నాడు ఎవరు ఎక్కడ కూర్చుని పరీక్ష రాస్తారే, వ్యాన్ లేదంటే క్లాసు లేనట్టే, వెళ్లి మీ నాన్న మంచె ఎక్కు అంది. కాలేజీకి ఒక్క ఫోన్ చేసి కనుక్కున్న పాపాన పోలేదు. ఈ కొండల్లో పుట్టి పెరిగిన మనిషికి ఆ సోమవారం పని చేసేవాళ్లు లోకంలో ఉంటారన్న ఊహే రాలేదు.

సెలవులయ్యాక ఆర్డిత్ మొదట స్కూలుకే వెళ్లింది. ప్రూయిట్ మేడమ్ ఈసారి నవ్వలేదు. తాను అలా అన్నట్టు గుర్తులేదంది. వాళ్లిప్పుడు కాలేజీ పిల్లలు, తమ తేదీలు తామే చూసుకోవాలంది. స్కూలు దారి మాత్రమే చూపిస్తుంది, ఆ మార్కుల సంగతి కాలేజీతో తేల్చుకోమంది. ఆర్డిత్ బయటికొస్తూ గేటు దగ్గర బోర్డులో కూతురి ఫొటో చూసింది. కింద ‘మా విద్యార్థులు’ అని రాసి ఉంది.

మర్నాడు కొండ దాటి కాలేజీకి వెళ్లింది. కిటికీ వెనకున్న కుర్రవాడు మర్యాదగానే మాట్లాడాడు. మీ అమ్మాయి కాలేజీ విద్యార్థిని కాబట్టి ఆమె మార్కుల గురించి తల్లిదండ్రులతో మాట్లాడటం చట్టం ఒప్పుకోదన్నాడు.

"పదహారేళ్ల పిల్ల బాబూ" అంది ఆర్డిత్. "తలనొప్పి మాత్ర ఇవ్వాలన్నా స్కూలువాళ్లు నన్నడుగుతారు."

"స్కూల్లో అయితే అంతేనండి. ఇక్కడ ఆమె పెద్దవాళ్ల కింద లెక్క."

"మరి ఆ పెద్దమనిషికి వ్యాన్ ఎవరు పంపాలి?"

ఆ సంగతి స్కూల్లో అడగమన్నాడు కుర్రవాడు. ఆర్డిత్ ఇంటిదారంతా స్టీరింగు గట్టిగా పట్టుకుని నడిపింది. స్కూలేమో కాలేజీ పిల్ల అంటుంది, కాలేజీయేమో స్కూల్లో అడగమంటుంది. పిల్లల్ని రెంటికీ చెడ్డ రేవడిలా చేసి, ఫొటోలు మాత్రం గోడకు కట్టుకున్నారు. తొమ్మిది నెలలుగా కడుపులో బండరాయిలా చల్లగా పడి ఉన్నదేదో ఆ దారిలో రాజుకుంది.

అది భగ్గుమన్నది బుధవారం, సరుకుల కొట్లో. వరసలో ముందున్న హాలోరన్ గారి భార్య వెనక్కి తిరిగి పలకరించింది. హాలోరన్ ఊరి పళ్ల డాక్టరు. వాళ్లబ్బాయి ప్రెస్టన్ కూడా ఆ ఎనిమిది మందిలో వాడే.

"బ్రెన్నా బాగా చదువుతోందా? శుక్రవారం పరీక్ష కదా, మావాడు తిండి కూడా మానేశాడు" అందావిడ.

"ఏ పరీక్ష?"

ఆవిడ మొహంలో రంగు మారింది. "అదే... మా ఆయన కాలేజీ డీన్‌తో మాట్లాడారు. అందరికీ మళ్లీ పరీక్ష పెడుతున్నారనుకున్నానే."

ఆర్డిత్ గుడ్ల అట్ట మెల్లిగా కింద పెట్టింది. తల్లిదండ్రులతో మాట్లాడకూడదన్న చట్టం హాలోరన్ ఇంటి దాకా నడిచేసరికి అలసిపోయిందన్నమాట.

ఇంటికొచ్చి ఫోన్ అందుకుంది. బ్రెన్నా అడ్డం పడింది. నలుగురిలో నవ్వులపాలు చెయ్యొద్దని, సున్నా తన తలరాత అనుకుంటానని బతిమాలింది. ఆర్డిత్ వినలేదు. నెలకు పట్టుమని పది మాటలు మాట్లాడని మనిషి, ఆ సాయంత్రం మిగతా ఆరుగురు పిల్లల ఇళ్లకూ ఫోన్ చేసి ఒకటే చెప్పింది. శుక్రవారం పిల్లల్ని తీసుకుని కాలేజీకి రండి, గొడవ చెయ్యొద్దు, వచ్చి కూర్చోండి. ఒక్క ఇంట్లో మాత్రం పని జరగలేదు. మిస్టీ బాగ్స్ అనే పిల్ల నానమ్మ దగ్గర పెరుగుతోంది. ఆ ముసలమ్మ ఫోన్‌లో నిట్టూర్చింది. మిస్టీ పుస్తకాలు అటక మీద పడేసిందట, అది మనలాంటివాళ్ల చదువు కాదులే అందట.

శుక్రవారం వెండెల్ కాగితం సంచీ నిండా, లోపల ఘాటు మాంసం ముక్కలు పెట్టి కాల్చిన పెప్పరోనీ రొట్టెలు తెచ్చాడు. పరీక్ష గది బయట గోడ పక్క కుర్చీల్లో నారింజ టోపీల మగవాళ్లు, చర్చి కోట్ల ఆడవాళ్లు, మధ్యలో పిల్లలు. తలుపు అద్దంలోంచి ప్రెస్టన్ ఒక్కడే వంగి రాసుకోవడం కనిపిస్తోంది. డీన్ వచ్చాడు. మీరంతా ఎవరి తాలూకు అని అడిగాడు.

"ఎవరి గురించీ మేమడగడం లేదండి, చట్టం ఒప్పుకోదట కదా" అంది ఆర్డిత్. "ఊరికే కూర్చున్నాం. కూర్చోకూడదన్న చట్టం కూడా ఉందా?"

"మా వదిన ఇన్ని మాటలు మాట్లాడగా నేను వాళ్ల పెళ్లిలో కూడా వినలేదు" అన్నాడు వెండెల్ పక్కవాడితో, రొట్టె నములుతూ.

అలికిడికి తలుపు తీసుకుని జీవశాస్త్రం చెప్పే లిండ్‌క్విస్ట్ మేడమ్ బయటికొచ్చింది. ఎక్కడో ఉత్తరాన మైదానాల మనిషి, ఈ ఏడే వచ్చింది. అప్పుడు బ్రెన్నా లేచింది. తల్లి వైపు చూడలేదు.

"మేడమ్, సోమవారం మా స్కూలు మూసేశారు, వ్యాన్ రాలేదు. నేను ముందే అడిగాను, వెళ్లక్కర్లేదన్నారు. దుప్పుల వేట మొదటిరోజది, మా వైపు ఎవ్వరూ ఏ పనీ చెయ్యరు. తప్పు మాదే అంటే సరే. కానీ లోపల ప్రెస్టన్ రాస్తున్నాడు. మమ్మల్నీ రాయనివ్వండి."

ఆవిడ డీన్ వైపు తిరిగింది. "ఒక్క అబ్బాయికే అడ్డంకి వచ్చిందన్నారు మీరు."

డీన్ టై సర్దుకున్నాడు. ఆవిడ అందరి వైపూ చూసి ఉన్నదున్నట్టు చెప్పింది. "ఆ రోజు ఎనిమిది కుర్చీలు ఖాళీగా ఉంటే, ఈ కొండ పిల్లలకు చదువంటే లెక్కలేదనుకున్నాను."

ఆ మాటకు ఆర్డిత్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా ఆవిడ లోపలికి వెళ్లి పరీక్ష కాగితాలు తెస్తుంటే పళ్లు బిగబట్టి ఊరుకుంది.

పిల్లలు రాశారు. పెద్దవాళ్లు కాచుకున్నారు. బయటికొచ్చిన బ్రెన్నా మొహం చూస్తే బాగానే రాసిందని తెలిసిపోతోంది. లిండ్‌క్విస్ట్ మేడమ్ వెనకే వచ్చి, ఆర్డిత్ దగ్గరికి చెయ్యి చాపుతూ వచ్చింది.

"మీరు బ్రెన్నా అమ్మగారా? మీ అమ్మాయి నిజంగా..."

"నాకు చెప్పకూడదు మేడమ్" అంది ఆర్డిత్. చెయ్యి అందుకోలేదు. "చట్టం ఒప్పుకోదు."

ఆవిడ చెయ్యి దించుకుంది. ఆర్డిత్ ఆవిడ భుజం మీదుగా గదిలోకి చూసింది. చివరి బల్ల మీద తెల్లగా ఒక పరీక్ష కాగితం ఎవరూ ముట్టకుండా ఉంది.

"అది మిస్టీది" అంది. "ఎప్పటిదాకా ఉంచుతారు?"

"సోమవారం దాకా ఉంచుతాను."

"ఉంచండి."

తిరుగు దారిలో బ్రెన్నా మిగిలిన రొట్టె తింటూ కూర్చుంది. కొండ దిగి, ఆల్డర్ ఫోర్క్ వాగు మీద వంతెన దాటాక ఇంటికి కుడివైపు తిరగాలి. ఆర్డిత్ బండి ఎడమకు తిప్పింది.

"ఎక్కడికమ్మా?"

"మిస్టీ వాళ్లింటికి. అటక ఎక్కడానికి ముసలమ్మకు మోకాళ్లు సహకరించవు. నువ్వెక్కి పుస్తకాలు దించు" అంది. "మనలాంటివాళ్ల చదువు కాదని ఆ పిల్లకు ఎవరు చెప్పారో నేను అడుగుతాను."