గచ్చు తవ్వించిన తాబేలు

2022 ఎండాకాలం. అనకాపల్లిలో నేను పశువుల క్లినిక్ పెట్టి అప్పటికి చాలా ఏళ్ళయింది. గేదెలు, మేకలు, కుక్కలు రోజూ వచ్చేవే. తాబేళ్ళు అరుదు. అయినా వాటి వైద్యం ఇష్టపడి నేర్చుకున్నాను కాబట్టి, మునగపాక నుంచి చెరకు రైతు అప్పలనాయుడు, ఆయన భార్య రమణమ్మ ప్లాస్టిక్ టబ్బులో తాబేలును తెచ్చినప్పుడు నేను కంగారుపడలేదు.

కళ్ళ వెనక ఎర్రచార ఉండే విదేశీ జాతి అది. రెడ్ ఇయర్డ్ స్లైడర్ అంటారు. రమణమ్మ తమ్ముడు కొనిచ్చిన రెండు పిల్లలు పెరట్లోని సిమెంటు కుంటలో పెరిగి పెద్దవయ్యాయి. వాటిలో పెద్దదానికి ఆమె బంగారి అని పేరు పెట్టుకుంది.

“ఎప్పుడూ ఇలాగ లేదు డాట్రమ్మా! రోజల్లా గోడెక్కడం, పడిపోడం. మొన్న వీదిలోకెల్లిపోయింది. పక్కింటోళ్ళు సూసేరు గానీ, లేపోతే ట్రాక్టరు కింద పడిపోయేదే” అంది రమణమ్మ.

“దానికి మనకాడ ఉండబుద్ది కావట్లేదు. శారదా నదిలో ఒదిలేద్దుమంటే ఈవిడ ఇనదు” అన్నాడు నాయుడు.

“ఒదిలేత్తే నన్నూ దాంతోపాటే ఒదిలేసి రా!” ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

నదిలో వదలొద్దని గట్టిగానే చెప్పాను. ఆ జాతి మన తాబేళ్ళ తిండినీ చోటునూ లాక్కుంటుంది. తర్వాత బంగారిని బల్ల మీద పెట్టి చూశాను. గోళ్ళు అరిగిపోయాయి, కడుపు కింది డిప్ప గీసుకుపోయింది. వెనక కాళ్ళ ముందుండే మెత్తని చోట వేలితో నొక్కితే లోపల గట్టిగా తగిలింది. ఎక్స్‌రే తీస్తే గుడ్లు స్పష్టంగా కనిపించాయి.

“రెండూ ఆడయ్యే కదండీ, మరి గుడ్లేటి?” అన్నాడు నాయుడు.

“పుంజు లేపోతే పెట్ట గుడ్డెట్టదేటి?” అంది రమణమ్మ. చాలాసేపటికి నవ్వింది.

తవ్వడానికి చోటు దొరక్కపోతే తాబేలు గుడ్లను లోపలే ఆపుకుంటుంది. అలా నిలిచిపోతే ఎగ్ బైండింగ్ అంటాం. ప్రాణం మీదికి తెస్తుంది. గుడ్లు బయటికి నెట్టే ఇంజెక్షన్ ఉంది. కానీ బంగారి కాళ్ళలో బలం బాగానే ఉంది. గుడ్ల సైజూ మామూలుగానే ఉంది. ముందు చోటు చూపించాలనుకున్నాను. ఆ సాయంత్రమే వాళ్ళింటికి వెళ్ళాను.

పెరట్లో గోడ నుంచి గోడ దాకా కొత్త గచ్చు మెరిసిపోతోంది.

“వానొత్తే బురదైపోతందని ఏయించేను. బాగుందాండీ?” అన్నాడు నాయుడు.

“చాలా బాగుంది. కానీ కుంట పక్కన కొంత పగలగొట్టాలి.”

ఆయన మొహం మాడిపోయింది. “కొత్త గచ్చండీ! టబ్బులో ఇసకోసి ఎడితే సాలదా?”

“దానికి లోతు కావాలి నాయుడుగారూ. కుంటలోంచి నడిచి వచ్చే దారీ కావాలి.”

అప్పటికే బంగారి కుంట గట్టు దాటి గచ్చు మీదికి వచ్చింది. వెనక కాళ్ళతో సిమెంటును గోకడం మొదలుపెట్టింది. గోళ్ళు గీరుకుంటున్న చప్పుడు. ఒక కాలు, తర్వాత ఇంకో కాలు, మళ్ళీ మొదటి కాలు. నాయుడు కాసేపు దాన్నే చూశాడు. లోపలికెళ్ళి గునపం పట్టుకొచ్చాడు.

చీకటి పడేలోగా ఆ చోటు తయారైంది. మట్టి, ఇసుక కలిపి, తడిపి, చుట్టూ కొబ్బరాకులు అడ్డం పెట్టించాను. దగ్గరకెళ్ళి చూడొద్దని చెప్పాను.

మర్నాడు రమణమ్మ ఫోను. “మట్టి వాసన సూసి ఎనక్కొచ్చేసింది డాట్రమ్మా! సూదేసేద్దురూ.”

“చురుగ్గా తిరుగుతోందా?”

“తిరుగుతంది.”

“అయితే ఇంకొంచెం ఆగుదాం. నీరసపడితే మాత్రం వెంటనే తీసుకురండి.”

నా గొంతు నిబ్బరంగానే ఉంది. అయినా ఫోను పెట్టేశాక ఆ ఎక్స్‌రే తీసి మళ్ళీ వెలుతురుకు పట్టి చూశాను. నా నిర్ణయం మార్చుకోవాల్సిందేమీ కనిపించలేదు.

ఆ మరుసటి రోజు మధ్యాహ్నం నాయుడే ఫోను చేశాడు. గుసగుసగా మాట్లాడుతున్నాడు. “తవ్వతందండి! ఎనక్కాళ్ళతోటే తవ్వతంది. నా మాటింటే ఆపేత్తదేమోనని గోడెనకాల నిలబడ్డాను.”

గుడ్లన్నీ పెట్టేసిందో లేదో చూడడానికి మళ్ళీ ఎక్స్‌రే తీశాను. కడుపు ఖాళీ. కొన్నాళ్ళకే బంగారి తిండికి ఎగబడుతోందని కబురు వచ్చింది. గోడెక్కడం మానేసింది. ఆ మట్టి చోటును మళ్ళీ గచ్చు చేయించనని నాయుడు తనంతట తనే చెప్పాడు.

వాళ్ళు తాబేలు పారిపోతోందనుకున్నారు. అది చోటు వెతుక్కుంటోంది. అప్పటి నుంచీ ఏ జంతువైనా కుదురుగా ఉండడం లేదని ఎవరైనా వస్తే, బల్ల మీద పెట్టకముందే అడుగుతాను: “అది ఉండే చోట ఈ మధ్య ఏం మార్చారు?” ఏమీ మార్చలేదనే అంటారు చాలామంది. నేను బండి తీసి ఒకసారి చూసొస్తాను.