ఎడ్ల హెడ్డు బెన్‌హర్

హెడ్‌కానిస్టేబుల్ బెన్‌హర్ గెలవగా నేను కళ్ళారా చూసిన తగువు ఒకటుంది. అది ఒక ఎద్దు గురించి.

అనకాపల్లి దాటేక తుమ్మగెడ్డ అనే వాగు మీద ఒక కల్వర్టుంది. గెడ్డకి ఇవతల ఒక పోలీసు టేసను, అవతల ఇంకో టేసను. ఇవతలి గట్టు మీద నా పాక. దాన్ని నేను హోటలంటాను. మిగతా లోకమంతా సిన్నమ్మలు పాక అంటుంది. హైవేని నాలుగు లైన్లు చేస్తున్న రోజులవి. రోడ్డు పని లారీలతో పాటు ఎడ్ల దొంగలూ ఎక్కువయ్యేరు. గోడ దూకి తలుగు విప్పుకుపోయే పాతకాలం దొంగలు కారు వీళ్ళు. వ్యాను వేసుకొచ్చి, చెరుకు బళ్ళు లాగే కోడెల్ని జతలు జతలుగా ఎక్కించుకుని, పైన టార్పాలిన్ కప్పుకుని పోయేవాళ్ళు.

ఆ రోజు పొద్దున్న కల్వర్టు నడిమధ్యన ఒక ఎద్దు నిలబడి ఉంది. మెడలో తెగిన తాడు. మోకాళ్ళు చెక్కుకుపోయేయి. దొంగల వ్యానులోంచి దూకేసిందని చంటిపిల్లకైనా తెలుస్తుంది. అవతలి టేసను హెడ్డు వచ్చి చూసి, "ముందు కాళ్ళు మీ లిమిట్లో ఉన్నాయి. ఎద్దు మీదే" అన్నాడు.

"ఎనక కాళ్ళు మీ లిమిట్లోనే ఉన్నాయి కదా బావా. పేడేసింది కూడా అటేపే" అన్నాడు బెన్‌హర్.

ఎద్దు ఎవరిదైతే కేసు వాళ్ళది. దాన్ని మేపడమూ వాళ్ళ పనే. అందుకే ఇద్దరూ ఎండెక్కేదాకా అరుచుకున్నారు. ఎద్దు మాత్రం ఉన్నచోటు నుంచి కదల్లేదు. దానికి ఏ టేసనూ నచ్చలేదు కాబోలు.

ఆఖరికి బెన్‌హర్ గొంతు తగ్గించేడు. "సరే బావా, కేసు నాదే. ఒప్పుకున్నాను. రేప్పొద్దున్న దొంగలు దొరికితే పేపర్లో ఫొటో కూడా నాదే."

"అదేటి? ఫొటోలో మేం ఉండొద్దా?"

"ఉండాలంటే నువ్వూ ఓ సెయ్యెయ్యాలి కదా. కేసు నేను మోత్తాను, ఎద్దుని నువ్వు మేపు."

అతను కాస్త ఆలోచించి తాడు అందుకున్నాడు. ఎద్దుని తోలుకుంటూ సగం దూరం పోయేక గానీ తను దేనికి ఒప్పుకున్నాడో అతనికి అర్థం కాలేదు. అర్థమై వెనక్కి తిరిగేసరికి బెన్‌హర్ నా పాకలో కూర్చుని రెండో వాయి ఇడ్లీ అడుగుతున్నాడు.

గెలిచేడు గానీ గెలుపు గొంతుకడ్డం పడింది. ఈ మాట విని వాళ్ళ ఇనస్పెక్టరు, "పెద్ద మొనగాడిలా కేసు నెత్తికెత్తుకున్నావు కదా. దొంగలకి శిక్ష పడేదాకా నీదే పూచీ. పడకపోతే నీ చొక్కా చేతి మీద మూడు గీతలూ పీకించేస్తాను" అన్నాడట. ఆ రోజు నుంచి మా చుట్టుపక్కలంతా అతన్ని ఎడ్ల హెడ్డు అనడం మొదలెట్టేరు. ఆ పేరు ముందన్నది ఎవరని మీరు అడిగితే నేను చెప్పను గానీ, అడక్కండి.

బెన్‌హర్‌ది పాయకరావుపేట. క్రిస్టియన్లు. ఆదివారం డ్యూటీ లేకపోతే చర్చిలో పాటలు పాడేవాడు. గొంతు మాత్రం గంట. మనిషి లావు. పరిగెత్తితే పొట్ట ముందు, తను తరవాత. దొంగని తరమడానికి పనికొచ్చే మనిషి కాదని నేను మొదటి రోజే తేల్చేసేను. మనుషుల్ని తేల్చడంలో నన్ను మించినవాళ్ళు లేరని నా నమ్మకం. ఎవడు ఎలాంటివాడో ఇడ్లీ తినే తీరు చూసి చెప్పేసేదాన్ని. దొంగ రోడ్డు వేపు చూస్తూ తింటాడు, దొర విస్తరి వేపు చూస్తూ తింటాడు. ఇది నేను కనిపెట్టిన శాస్త్రం. ఎవరూ అడక్కపోయినా అందరికీ చెప్పేదాన్ని.

ఒకసారి ఆ దొంగల్ని బెన్‌హర్ పట్టుకున్నాడు కూడా. ఎడ్లని వ్యానెక్కిస్తూండగా బెల్లం బండి బంగారయ్య చూసేడు. అతనే సాక్షి. చూసేనని చెప్పి ఊరుకుంటే సరిపోయేది. కోర్టులో జడ్జిగారూ, లాయర్లూ అందరూ తన వేపే చూస్తూంటే అతనికి ఊపొచ్చింది. కుడిచేత్తో ఒకణ్ణీ, ఎడంచేత్తో ఒకణ్ణీ పట్టుకుని పెనుగులాడేనన్నాడు. దొంగల లాయరు నెమ్మదిగా, "చుట్ట కాలుస్తూ చూసేనన్నావు కదా, ఆ చుట్ట ఏ చేత్తో పట్టుకున్నావు?" అని అడిగేడు. హాలంతా నవ్వు. కేసు కొట్టేసేరు. దొంగలు నవ్వుకుంటూ బయటికొచ్చేరు. బెన్‌హర్ నా పాకకి వచ్చి ఇడ్లీ ముట్టుకోకుండా కూర్చున్నాడు.

"ఇంకొక్కసారి మామ్మా. ఇంకొక్కసారి పోతే నా గీతలు పోతాయి. అది సరే, ఆళ్ళు మళ్ళీ జనం ఎడ్ల మీద పడతారు" అన్నాడు.

"ఆ బంగారయ్య నోట్లో మన్ను పడ. ఉన్నదున్నట్టు సెప్పడానికేటి రోగం?" అన్నాను నేను. నూకాలమ్మ తోడు, ఆ మాట అన్నది నేనే.

చెరుకు నరుకుడు మొదలైంది. ఎస్. రాయవరం నుంచి పరదేశి అనే రైతు ఏడ్చుకుంటూ వచ్చేడు. అతని జత పోయింది. ఎడ్లు లేకపోతే బండి కదలదు, నరికిన చెరుకు పొలంలోనే ఎండిపోతుంది. బెన్‌హర్ తనేమో పెద్ద రోడ్డు మీద వ్యాన్లు ఆపుతూ నిలబడ్డాడు. ఇద్దరు కొత్త కానిస్టేబుళ్ళని మఫ్టీలో నా పాక వేపు పంపేడు. నానాజీ, అరుణ్ కుమార్ అని. వేరే టేసను నుంచి వచ్చిన కుర్రాళ్ళు, నేను ముందెప్పుడూ చూడలేదు. లుంగీలు కట్టి, గెడ్డాలు పెంచి, బెంచీ మీద కూర్చుని టీ తాగుతూ రోడ్డు వేపే చూస్తున్నారు.

నా శాస్త్రం నాకు చెప్పేసింది. వీళ్ళే దొంగలు.

అదే వేళకి ఒక వ్యాను వచ్చి ఆగింది. ముగ్గురు దిగేరు. ముందున్నవాడు ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకున్నాడు. ముగ్గురూ రోడ్డుకి వీపు పెట్టి, విస్తరి వేపే చూస్తూ తిన్నారు. తెల్లచొక్కావాడు అల్లం పచ్చడి మూడోసారి వేయించుకుని, "అక్కా, ఈ పచ్చట్లో బెల్లం ఎంత ఎయ్యాలో నీకు తెలిసినట్టు మా ఇంటోళ్ళకి తెలీదు" అన్నాడు.

నాకప్పటికి అరవై దాటేయి. నెత్తి మీద నల్ల వెంట్రుక వెతుక్కోవాలి. నన్ను పట్టుకుని అక్కా అన్న మనిషి దొంగని తెలుసుకోవడానికి ఇంకేం గుర్తు కావాలి? నేనేమో కొసరుగా రెండు గారెలు వేసేను.

ఈలోగా ఆ లుంగీవాళ్ళిద్దరూ మెల్లగా లేచి వ్యాను దగ్గరికి పోయి టార్పాలిన్ మూల ఎత్తి చూసేరు. లోపల ఎడ్లున్నాయి. నేను గరిట పట్టుకుని ఒక్క గెంతు గెంతేను.

"దొంగలు! దొంగలు! రండర్రా!"

చెరుకు బళ్ళవాళ్ళు దిగి పరిగెత్తుకొచ్చేరు. ఇద్దర్నీ ఒడిసిపట్టేరు.

"మామ్మా, మేం పోలీసులం!" అన్నాడు నానాజీ.

"పోలీసోడివైతే టోపీ ఏదిరా?"

"మఫ్టీలో ఉన్నాం!"

"అయితే కార్డు సూపించు."

"జీపులో ఉండిపోయింది. లుంగీకి జేబెక్కడుంటాది మామ్మా?"

"దొంగ ఎదవా, లుంగీకి జేబు లేదని నాకు తెలీదనుకున్నావా?" అన్నాను. నేను గెలిచేననే అందరూ అనుకున్నారు. తాడు లేదంటే తెల్లచొక్కావాడు తన వ్యానులోంచి తెచ్చి ఇచ్చేడు. తనే ఒక చెయ్యి వేసి పట్టుకున్నాడు కూడా. పోలీసులిద్దర్నీ పాక గుంజలకి నేనే కట్టేను. ఎడ్లకి వేసే ముడి వేసేను, గింజుకునే కొద్దీ బిగుసుకుంటుంది.

"ఎడ్లని పశువుల డాక్టరుకి సూపించాలక్కా, ఎండెక్కిపోతంది" అన్నాడు తెల్లచొక్కా.

"పెద్ద రోడ్డు మీద పోకండి బాబూ. అక్కడ మా హెడ్డు ఉన్నాడు. కాయితాలని, కడుపునొప్పని సతాయిత్తాడు. రోలుగుంట మీంచి పోండి, ఎవరూ ఆపరు" అన్నాను. దారిలో తినమని అడ్డాకుల్లో ఇడ్లీలు కట్టి ఇచ్చేను. వ్యాను మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపేను.

దొంగల్ని పట్టేనని బెన్‌హర్‌కి కబురు కూడా నేనే పంపేను. ఆ ముక్క మర్చిపోతారేమోనని చెప్తున్నాను.

అతను జీపు దిగి, గుంజలకున్న తన కుర్రాళ్ళని చూసేడు. గరిటతో కాపలా కాస్తున్న నన్ను చూసేడు. నేను జరిగినదంతా గర్వంగా చెప్పేను. తిట్టలేదు. నవ్వలేదు. వాళ్ళ కట్లు కూడా విప్పకుండా ఒక్క మాట అడిగేడు.

"ఆ ముగ్గురి మొకాలూ గుర్తున్నాయా?"

"పచ్చడి మూడుసార్లు వేయించుకున్నోడి మొకం మర్చిపోతానా?"

"అయితే జీపెక్కు."

ఎక్కేను. ముందు సీట్లో ఎక్కేను. మా పేటలోంచి పోతూంటే పక్కింటి నూకరత్నం చూసి, "ఏటే సిన్నమ్మలూ, ఏం సేసేవే, పోలీసులట్టుకుపోతన్నారు?" అని అరిచింది. నేను చీర చెంగు సర్దుకుని, రాజకీయాలవాళ్ళలాగ చెయ్యి ఊపేను. రెండు ఫర్లాంగులు పోయేక జీపు ఆగిపోయింది. దిగి తోసేను. అదృష్టం, అక్కడ నూకరత్నం లేదు.

రోలుగుంట వేపు దారి ఒక చోట రెండుగా చీలుతుంది. తార్రోడ్డు ఒకటి, కొండ వేపు బళ్ళ బాట ఒకటి. ఎటు పోయేరో తెలీలేదు. బాట వేపు తుప్పల్లో ఒక అడ్డాకు పడి ఉంది. చీపురుపుల్ల కుట్టు. నా కుట్టు నాకు తెలీదా? "ఇటే!" అని అరిచేను. నేను కట్టిచ్చిన ఇడ్లీ పొట్లంతో దొంగల జాడ దొరికింది కాబట్టి ఇదంతా నా పథకమేనని అప్పుడే నాకొక ఆలోచన తట్టింది. దాని సంగతి తరవాత.

కొంచెం దూరంలో గెడ్డ దాటే చోట వ్యాను చక్రాలు బురదలో దిగబడి ఉన్నాయి. ముగ్గురూ నెడుతున్నారు. తెల్లచొక్కా ఇప్పుడు తెల్లగా లేదు. జీపుని చూసి పరుగందుకున్నారు. బెన్‌హర్ పరిగెత్తలేదు. పరిగెత్తితే ఏమవుతుందో అతనికి తెలుసు. జీపు బానెట్ మీదికెక్కి, చర్చిలో పాడే గొంతంతా తీసి, చుట్టూ చేలల్లో చెరుకు నరుకుతున్న జనానికి వినపడేలా అరిచేడు.

"ఓ బావల్లారా! ఓ మామల్లారా! మీ ఎడ్లెత్తుకుపోయినోళ్ళు వీళ్ళే!"

చేలల్లోంచి కత్తులతో మనుషులు లేచేరు. ఒక మడి తరవాత ఒక మడిగా లేచేరు. ఇద్దరు అక్కడే చేతులెత్తేసేరు. తెల్లచొక్కావాడు నరకని చెరుకుతోటలోకి దూరేడు. జనం వెంట పడబోతే బెన్‌హర్ ఆపేడు. "తోట సుట్టూ కూకోండి. సెరుకాకు ఆణ్ణి తోలుకొత్తాది" అన్నాడు. అన్నట్టే, పొద్దు వాలకముందే ఒళ్ళంతా కోసుకుపోయి, గోక్కుంటూ తనే బయటికొచ్చేడు. నన్ను చూసేడు.

"నువ్వా అక్కా?" అన్నాడు.

"మామ్మా అనరా ఎదవా" అన్నాను. మొత్తం యవ్వారంలో నేనన్న తెలివైన మాట అదొక్కటే.

పరదేశి ఎడ్లు పరదేశికి చేరేయి. అతని చెరుకు కదిలింది. కానీ శిక్ష పడాలి కదా. ఆ ముగ్గురూ వ్యాను తమది కాదనీ, బురదలో దిగబడితే నెట్టడానికొచ్చేమనీ అన్నారు. అంతకుముందే వాళ్ళని ఎడ్లతో సహా చూసి, మాట్లాడి, అన్నం పెట్టిన సాక్షిని నేనొక్కదాన్నే. చెరుకు బళ్ళవాళ్ళు చూడలేదంటే చూడలేదన్నారు, పోలీసుల్ని పట్టుకున్నది వాళ్ళు కదా మరి. నానాజీ, అరుణ్ కుమార్ అయితే తమని కట్టేసిన సంగతి ఎక్కడా రానివ్వొద్దని బెన్‌హర్‌ని బతిమాలుకున్నారు.

వాయిదా దగ్గరపడేసరికి నా కథ బాగా ముదిరింది. బెల్లం మార్కెట్టుకి పోయిన ప్రతిసారీ ఒక వాయి ఎక్కువ ఉడికించేదాన్ని. తెల్లచొక్కావాణ్ణి చూడగానే దొంగని కనిపెట్టేసేనట. వాడికి అనుమానం రాకుండా మన పోలీసులనే కావాలని కట్టేసేనట. దారి తప్పించి బురదలోకి పంపేనట. అడ్డాకుల పొట్లం గుర్తు కోసం ఇచ్చేనట. మార్కెట్టులో జనం నాకు కుర్చీ వేసేవాళ్ళు. నూకరత్నం కూడా నమ్మింది. కొన్నాళ్ళకి నేనూ నమ్మేను.

ఒక మధ్యాహ్నం, టిఫిన్లయిపోయేక, బెన్‌హర్ వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు.

"రేపు కోర్టులో ఏం సెప్తావో ఓసారి సెప్పు మామ్మా."

చెప్పేను. మార్కెట్టులో చెప్పినదానికంటే బాగా చెప్పేను. కళ్ళు మూసుకుని ఆఖరుదాకా విన్నాడు. నేను ఆగేక కళ్ళు తెరిచి, చొక్కా చేతి మీదున్న గీతల్ని ఒకసారి చేత్తో తడుముకున్నాడు.

"ఆ లాయరు నిన్ను ముందడిగేది ఒకటే. ఎంతమంది వచ్చిపోయే హోటలు, ఈ మొకమే ఎలా గుర్తుందీ అంటాడు. కనిపెట్టేసేనన్నావో, మరి దారెందుకు సూపించేవంటాడు, అక్కడితో సరి. బళ్ళోళ్ళ దాకా ఎందుకు, నా కుర్రాళ్ళు కూడా రేపు బోనెక్కి మమ్మల్ని కట్టేసేరని సెప్తారు. ఒప్పించేను" అన్నాడు. అని బెంచీ మీంచి లేచి, అంత పొట్టతోనూ వంగి, నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"నీకు దణ్ణం పెడతాను మామ్మా. బోనెక్కేక నువ్వు తెలివైనదానివని మాత్రం సెప్పకు. ఆడు అక్కా అంటే మురిసిపోయేవనీ, పచ్చడి మెచ్చుకుంటే గారెలేసేవనీ, పోలీసోళ్ళని నీ సేత్తోనే గుంజకి కట్టేసి, దొంగలకి దారి సూపించేవనీ, హాలంతా ఇరగబడి నవ్వినా సరే, జరిగింది జరిగినట్టు సెప్పు."