కేసెట్ల జగ్గయ్య అతికించిన కాగితం

పూర్ణా మార్కెట్లో కేసెట్ల జగ్గయ్యంటే తెలియని పాటల పిచ్చోడు లేడు. ఇప్పుడు ఆ కొట్లో అమ్మేది సెల్‌ఫోన్ కవర్లే అయినా పేరు పోలేదు. దానికి కారణం ఒకే ఒక్క కేసెట్టు. ఇరవయ్యెనిమిదేళ్ల కిందట, అభిమానులంతా మేష్టారని పిలుచుకునే సినిమా సంగీత దర్శకుడు వాన తప్పించుకోడానికి ఆ కొట్లోకి వచ్చి, ఏ నిర్మాతకీ నచ్చని బాణీ ఒకటి కూనిరాగం తీశారు. జగ్గయ్య రికార్డు చేశాడు. అరిగిపోతుందని మళ్లీ ఒక్కసారి కూడా వెయ్యలేదు. ఊరంతా చెప్పుకోవడం మాత్రం మానలేదు మహానుభావుడు.

మేష్టారు పోయి ఏడాదైంది. ఆదివారం సాయంత్రం ఉక్కునగరంలో సంస్మరణ సభ. "ఆ కేసెట్టు తెత్తన్నావు కదా బావా" అని సభ నడిపే ఉమామహేష్ పదిసార్లు ఫోన్ చేశాడు.

ఆ పొద్దున జగ్గయ్య కేసెట్టు దాచిన పెట్టె తీసి, దాని అంచుని వెలుతురులో పెట్టి చూశాడు. రికార్డయిన కేసెట్టు చెరిగిపోకుండా అంచున ఉండే ప్లాస్టిక్ ముక్క విరిచేస్తారు. ఆ కన్నం మీద కాగితం అతికిస్తే మళ్లీ రికార్డు చేసుకోవచ్చు. కాగితం అతికించి ఉంది. అతికించింది తనే, కొట్లో ఇంకెవడున్నాడు కనక? వేసి చూశాడు. సింహాచలం అప్పన్న భజన. చందనోత్సవం గిరాకీలో ఖాళీ కేసెట్లు అయిపోయి, చేతికందినదాన్ని... ఛీ, వెధవ బతుకు. రెండు చరణాలు కూడా వినలేక ఆపేశాడు.

ఇక కాలుగాలిన పిల్లే. వీధిలోకి, ఇంట్లోకి, మళ్లీ వీధిలోకి. అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు.

"ఏటయింది, పొద్దుట్నించి అలా తిరుగుతన్నావు?" అంది భార్య నూకాలు.

"మేష్టారి పాట నానే సెరిపేసేనే."

"ఆ మాటే ఎల్లి సెప్పు."

"ఎవుడు నమ్ముతాడు? ఇన్నాళ్లూ కోతలు కోసేడంతారు."

"ఎల్లకపోతే అనరేటి?"

వెళ్లాడు. మైకు ముందు నిలబడి ఉన్నదున్నట్టు చెప్పాడు. వెనక వరసలో ఎవడో నవ్వాడు. "నాను ముందే సెప్పేను. కేసెట్టూ నేదు, పాడూ నేదు."

జగ్గయ్యకి ఒళ్లు మండింది. వెంట తెచ్చిన టేప్‌రికార్డరులో కేసెట్టు పెట్టి, పొద్దున ఆపిన చోటి నుంచే మీట నొక్కాడు. "ఇనండి, ఏ పాట కోసం సెరిపేసేనో."

భజన సాగుతూనే ఉంది. జనం గొణుక్కున్నారు. "సాల్లే బావా, ఆపీ" అన్నాడు ఉమామహేష్. జగ్గయ్య ఆపలేదు. ఆ సిగ్గు పూర్తిగా పడాలనే అనుకున్నాడు.

భజన ముగిసింది. దాని రికార్డింగు ఆగిన చోట టేపు టక్కుమంది. తర్వాత వాన చప్పుడు. ఆ వానలో ఎవరికీ తెలియని బాణీ, చివరి రెండు వరసలు. "పడిందా నాయనా?" అన్నారు మేష్టారు.

"పడింది సార్. ఇంకెక్కడికీ పోదు." అది ఇరవయ్యెనిమిదేళ్ల కిందటి జగ్గయ్య గొంతు.

హాలంతా లేచి నిలబడింది, నవ్వినవాడితో సహా. జగ్గయ్య తల ఎత్తలేకపోయాడు.

"మళ్లీ ఎయ్యి బావా" అన్నాడు ఉమామహేష్ కళ్లు తుడుచుకుంటూ.

జగ్గయ్య కేసెట్టు బయటికి తీసి, ముందు ఆ కాగితం గోటితో పీకేశాడు.